వంద నోటుబుక్కులతో ధర్మప్రభువు కావడం ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయిలో నలుగురిలో పేరున్న తెలుగువాడు సర్కారు బడికి ఒక్కసారైనా దానం చేయకపోతే బాగుండదు. 1955లో భిలాయి స్టీల్ ప్లాంటు (బీఎస్పీ) కోసం సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ గారు మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ రోజుల నుంచి శ్రీకాకుళం, విజయనగరం వైపు మనవాళ్లు ఇక్కడికి వచ్చి, రెక్కలు ముక్కలు చేసుకుని నిలదొక్కుకున్నారు. పిల్లలు బీఎస్పీ బడుల్లో చదువుకుని బెంగళూరు, హైదరాబాదు, అమెరికా వెళ్లిపోయారు. ఆ బీఎస్పీ బడులు ఇప్పుడు చాలానే మూతపడ్డాయి. ఖుర్సీపార్, క్యాంపు బస్తీల్లో ఠేకా (కాంట్రాక్టు) పనులకు పోయేవాళ్ల పిల్లలు రాష్ట్ర ప్రభుత్వ బడికే వెళ్తున్నారు. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. దాతకు ఇంతకన్నా మంచి అదను దొరకదు.

అయితే మనవాళ్లు దానం పేరుతో పడే అవస్థ చూస్తే నాకు మనసు ఊరుకోదు. రిటైరయ్యాక కూడా బడి చుట్టూ తిరగడం, మాస్టార్లతో మాట్లాడటం, పిల్లలు ఎలా చదువుతున్నారో కనుక్కోవడం, వచ్చే ఏడాది మళ్లీ వెళ్లడం! ఇంత శ్రమ అక్కర్లేదు. ఒక్క పూటలో, ఒళ్లు అలవకుండా, పదేళ్లు చెప్పుకునే పేరు వచ్చే పద్ధతి చెబుతాను. వరుస తప్పకుండా పాటించండి.

1. ఏం కావాలని అడగకండి.

చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. బడికి వెళ్లి ప్రధాన్ పాఠక్‌ను (ప్రధానోపాధ్యాయురాలిని) "ఏం కావాలి మేడమ్?" అని అడిగారనుకోండి, ఆవిడ నిజంగానే చెప్పేస్తుంది. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు, కుళాయి కారిపోతోంది, ప్రింటర్‌లో ఇంకు లేదు, లెక్కల టీచరు బదిలీ అయిపోయారు, నాలుగు నెలల పాటు ఎవరైనా వచ్చి పాఠం చెబితే చాలు అంటుంది. గడియ ఖరీదు వంద రూపాయలు ఉండదు. అది లేకపోవడం వల్లే ఏడో తరగతి ఆడపిల్లలు మధ్యాహ్నం ఇంటికి వెళ్లిపోతున్నారని కూడా ఆవిడ చెబుతుంది. కానీ గడియ ఫోటోలో కనిపించదు. దాని పక్కన నిలబడితే మీరూ బాగుండరు.

కేంద్ర ప్రభుత్వం 2021 సెప్టెంబరులో విద్యాంజలి 2.0 మొదలుపెట్టింది. అందులో బడి తన అవసరాలు తానే రాసి పెడుతుంది. దాత వస్తువైనా ఇవ్వొచ్చు, తనకొచ్చిన విద్యైనా నేర్పొచ్చు. దాని జోలికి పోకండి. ఒకసారి ఒప్పుకుంటే ఎప్పుడిస్తారని అడుగుతారు.

2. సరుకు మీ అటక మీదే ఉంది.

అబ్బాయి అమెరికా వెళ్లేముందు కట్ట కట్టి పెట్టిన సీబీఎస్‌ఈ ఇంగ్లిషు మీడియం పుస్తకాలు దించండి. బడి పిల్లలు చదివేది హిందీ మీడియం, రాష్ట్ర సిలబస్. దాని గురించి ఆలోచించకండి. దుమ్ము దులపకుండా అట్టపెట్టెల్లో పెట్టి, పెట్టె మీద "గ్రంథాలయం" అని రాయండి. సుపేలాలో కబాడీవాడు కిలోల లెక్కన ఇచ్చే డబ్బు మీ ఆటో ఛార్జీకి కూడా రాదు. బడిలో అయితే విద్యాదానం అవుతుంది.

పాత కంప్యూటరు ఉంటే అది బంగారమే. డబ్బాలాంటి మానిటర్‌ది అయితే మరీ మంచిది, గదిలో చోటు ఎక్కువ ఆక్రమిస్తుంది. పనిచేస్తుందా లేదా అని పరీక్షించకండి. పనిచేయదని ముందే తెలిస్తే చెప్పాల్సి వస్తుంది. అందించగానే "స్టాక్ రిజిస్టర్‌లో రాయించండి మేడమ్" అని పట్టుబట్టండి. ఒకసారి రిజిస్టర్‌కు ఎక్కిన వస్తువును తీసేయాలంటే పైనుంచి అనుమతి రావాలి, కమిటీ చూడాలి, సంతకాలు కావాలి. ఆ అవస్థ ఎవరూ పడరు. మీ కంప్యూటరు ఆ గది మూల చిరకాలం ఉంటుంది, ఏటా ఎవరో ఒకరు దాన్ని లెక్కపెడతారు.

3. కాలం చూసి ఇవ్వండి.

స్వెటర్లు ఏప్రిల్‌లో, ఫ్యాన్లు డిసెంబరులో చవక. ఏప్రిల్‌లో కూడా స్వెటర్ల పంపకానికి పిల్లలు దొరుకుతారు. వేసుకుని చూపించమనండి.

4. నోటుబుక్కు అనే బ్రహ్మాస్త్రం.

ఛత్తీస్‌గఢ్‌లో పాఠ్యపుస్తకాలు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ఎనిమిదో తరగతి దాకా యూనిఫాం కూడా ఇస్తుంది. నోటుబుక్కులు, పెన్సిళ్లు, సంచి, చెప్పులు ఇంటివాళ్ల నెత్తినే పడతాయి. అందుకే నోటుబుక్కు ఎప్పుడూ చెల్లుబాటయ్యే దానం. దీనికి కాస్త శ్రద్ధ కావాలి కాబట్టి వివరంగా చెబుతాను.

పవర్ హౌస్ మార్కెట్లో హోల్‌సేల్ దుకాణానికి వెళ్లండి. అన్నిటికన్నా పల్చటిది తీసుకోండి. అన్ని తరగతులకూ ఒకే రకం, ఒంటి గీతలది కొనండి. ఒకటో తరగతి పిల్లకు నాలుగు గీతలది కావాలి, లెక్కలకు గళ్లది కావాలి అని దుకాణదారు అంటే, "మేం ఇచ్చేది ఉచితంగా" అని సమాధానం చెప్పండి. అట్ట మీద మీ ఫోటో, కింద "సౌజన్యం" అని పేరు, ఫోన్ నంబరు వేయించండి. పుస్తకం ధర కన్నా అట్ట ముద్రణకు ఎక్కువ అయితే లెక్క సరిగ్గా కుదిరినట్టే.

బడిలో 140 మంది పిల్లలు ఉంటే 100 పుస్తకాలు చాలు. మిగిలిన 40 మంది ఏం కావాలనేది టీచరు చూసుకుంటారు, పిల్లలు వాళ్ల మాట వింటారు కాబట్టి. పంపకం మాత్రం మీ చేత్తో చేయండి. ఒక్కో పిల్లను పిలిచి, పుస్తకాన్ని మీరు ఒక కొస పట్టుకోండి, ఆ పిల్ల రెండో కొస పట్టుకోవాలి. ఫోటో పడేదాకా వదలకండి. పిల్ల పుస్తకం వైపు చూస్తూ ఉంటుంది, గడ్డం పట్టుకుని కెమెరా వైపు తిప్పండి. చెప్పుల్లేని పిల్లలను ముందు వరసలో పెట్టండి, కాళ్లు కూడా పడేలా తీయమనండి. మంచి చొక్కా వేసుకొచ్చిన వాణ్ని వెనక్కి పంపండి.

పొదుపు తెలిసినవారు ఇంకో అడుగు వేస్తారు. పెద్ద తరగతులకు ఫోటోలు అయ్యాక "లోపల పేరు రాసి రేపు ఇస్తాం" అని పుస్తకాలు వెనక్కి తీసుకుని, అవే పట్టుకుని మరో బడికి వెళ్తారు. 100 పుస్తకాలతో ఖుర్సీపార్, జాముల్, చరోదా మూడూ చుట్టబెట్టవచ్చు.

5. బడి సిబ్బంది అంతా మీ సిబ్బందే.

విద్యాహక్కు చట్టం 2009లోని 27వ సెక్షన్ ప్రకారం జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికల పనులు తప్ప బోధనేతర పనులకు టీచర్లను వాడకూడదు. మీ కార్యక్రమం ఆ జాబితాలో లేదు. ఆ సంగతి మీకు ఎవరూ గుర్తుచేయరు, ధైర్యంగా ఉండండి.

పరీక్షల ముందు వారం ఎంచుకోండి. అప్పుడైతే హాజరు బాగుంటుంది. పదింటికి అని చెప్పి పన్నెండున్నరకు వెళ్లండి. ఈలోపు టీచర్లు బెంచీలు బయటికి మోయిస్తారు, ముగ్గు వేయిస్తారు, స్వాగత గీతం నేర్పిస్తారు, పిల్లలను ఎండలో వరసలు కట్టిస్తారు. మైకు, బొకే, శాలువా, టీ, సమోసాలు బడివాళ్లే ఏర్పాటు చేసుకోవాలని ముందురోజు రాత్రి వాట్సాప్‌లో ఒక ముక్క పెట్టండి. ఆ డబ్బు టీచర్లు తలా కొంత వేసుకుని సర్దుతారు. చాక్‌పీసులకు, చార్టులకు, తెల్లకాగితాలకు వాళ్లు సొంత జేబులోంచి పెట్టడం మామూలే, ఇది కొత్తేమీ కాదు. అన్నీ కలిపి చూస్తే మీరిచ్చిన దానికన్నా వాళ్లు మీకు పెట్టిన ఖర్చు ఎక్కువ తేలవచ్చు. అలా తేలితే మీరు ఈ విద్యలో ఆరితేరినట్టే.

ఉపన్యాసం నలభై నిమిషాలకు తగ్గకూడదు. మీరు వీధి దీపాల కింద చదువుకున్న సంగతి చెప్పండి. సెక్టారు క్వార్టర్లో ఫ్యాను కింద చదివినా సరే.

6. న్యోతా భోజ్.

2024లో రాష్ట్ర ప్రభుత్వం ఈ పద్ధతి తెచ్చింది. పుట్టినరోజుకో పెళ్లిరోజుకో ఎవరైనా సర్కారు బడి పిల్లలకు పూర్తి భోజనం పెట్టవచ్చు, లేదా ఆ రోజు మధ్యాహ్న భోజనానికి తోడు ఒక వంటకమో, పండో, మిఠాయో ఇవ్వవచ్చు. గుజరాత్‌లో దీన్నే తిథి భోజన్ అంటారు. శుభ్రంగా చేస్తే పప్పూ అన్నం తినే పిల్లాడికి ఆ పూట గుడ్డో, పనీరో, అరటిపండో పడుతుంది. అంతవరకు వెళ్లకండి.

ఇంట్లో మనవడి పుట్టినరోజు రాత్రి జరుపుకోండి. మర్నాడు పొద్దున్నే మిగిలిన పూరీలు, కేకు, బూందీ సర్దించండి. వేసవిలో అయితే పదకొండు లోపే చేర్చాలి, ఆ తర్వాత వాసన మీద అనుమానాలు వస్తాయి. ముందుగా కబురు పెట్టకండి. కబురు పెడితే వంటమనుషులు ఆ మేరకు అన్నం తగ్గిస్తారు. పెట్టకపోతే వాళ్ల అన్నమూ మిగులుతుంది, మీ పూరీలూ మిగులుతాయి, బడంతా సమృద్ధిగా కనిపిస్తుంది. పిల్లలతో మనవడికి "హ్యాపీ బర్త్‌డే" పాడించండి. ఆ తరగతిలో అదే రోజు పుట్టిన పిల్ల ఉందని టీచరు చెవిలో చెబితే, వీడియో అయ్యాక చూద్దామనండి.

పిల్లలకు కడుపునొప్పి వస్తే కంగారు పడకండి. వంటమనిషిని అడుగుతారు, ప్రధాన్ పాఠక్‌ను అడుగుతారు. దాతను ఎవరూ అడగరు.

7. డొక్కా సీతమ్మ గారి దారిలో నడవకండి.

కోనసీమ లంకల గన్నవరంలో ఆవిడ (1841–1909) వేళాపాళా లేకుండా వచ్చినవారికల్లా తానే వండి వడ్డించింది. ఇంగ్లండు నుంచి రాజుగారి పట్టాభిషేకానికి పిలుపు వస్తే వెళ్లలేదని, ఫోటోకు కూడా మొదట ఒప్పుకోలేదని అంటారు. ఒక్కసారి ఆలోచించండి, ఎంత పెద్ద అవకాశం చేజారిపోయిందో! ఆంధ్రప్రదేశ్‌లో బడి మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టడం 2024లో గానీ జరగలేదు. నూరేళ్లు పైన ఆగాలి. మన ఫోటో సాయంత్రానికల్లా వాట్సాప్ గ్రూపులో పడాలి.

8. డబ్బు ఇవ్వాల్సి వస్తే కమిటీకి ఇవ్వకండి.

ప్రతి సర్కారు బడికీ పాఠశాల యాజమాన్య కమిటీ ఉండాలని విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ చెబుతుంది. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే, సగం మంది ఆడవాళ్లు. బడికొచ్చే డబ్బు ఎలా ఖర్చవుతుందో చూడటం వాళ్ల పని. కమిటీ ఖాతాలో చెక్కు వేశారంటే తీర్మానం రాస్తారు, రసీదు ఇస్తారు, మూడు నెలల తర్వాత గోడ కట్టి చూపిస్తారు. ఇళ్లలో పాచిపని చేసుకునే ఆవిడ కూడా లేచి "ఆ డబ్బు దేనికి వాడారు?" అని అడగగలుగుతుంది. ఇంత రాద్ధాంతం ఎందుకు?

నోట్లు కవర్లో పెట్టి, ఎదురుపడిన టీచరు చేతికి ఇవ్వండి. రసీదు వద్దనండి, పెద్దమనసు కనిపిస్తుంది. బయటికొచ్చి మీరిచ్చింది ఐదు వేలైతే పదిహేను అని చెప్పండి. ఆర్నెల్ల తర్వాత "మేం ఇచ్చిందంతా ఏమైందో!" అని పదిమందిలో ఒక నిట్టూర్పు విడవండి. ఆ టీచరు జన్మలో మళ్లీ ఏ దాతనూ బడి గేటు దాటనివ్వరు. మీ తర్వాత ఇంకెవరూ ఇవ్వలేదు కాబట్టి, ఆ బడికి ఆఖరి దాత మీరే అవుతారు.

9. ఇవ్వకుండా తప్పించుకునే మాటలు నోటికి వచ్చి ఉండాలి.

ఏటా ఇవ్వడం అలవాటు చేసుకోకూడదు. ఎవరైనా మళ్లీ అడిగితే ఈ కింది వాటిలో సందర్భానికి తగినది వాడండి.

"బీఎస్పీ ఉందిగా." కంపెనీల చట్టం 2013లోని 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆ శాతం చెబితే ఎదుటివాడు నోరు మూసుకుంటాడు. ఆ 2 శాతంలో ఈ బడి కుళాయి ఉందో లేదో అతనికీ తెలియదు.

"పన్ను మినహాయింపు రాదు కదా." ఇది నిజం కూడా, అందుకే గట్టిగా పనిచేస్తుంది. విరాళాల్లో 2,000 రూపాయలు దాటిన నగదుకు మినహాయింపు లేదు, వస్తువులకు అసలే లేదు, కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఆ మినహాయింపే వర్తించదు. మీరు ఇస్తామన్నది మూడు వందల రూపాయల చార్టులైనా ఇదే చెప్పండి.

"అన్నం అక్షయపాత్ర వాళ్లు చూసుకుంటారు, పుస్తకాలు ప్రభుత్వం చూసుకుంటుంది, చదువు దేవుడు చూసుకుంటాడు."

"మా ఊరి బడికి ఇచ్చేశాను." ఊరి నుంచి ఫోన్ వస్తే "భిలాయి బడికి ఇచ్చేశాను" అనండి. శ్రీకాకుళానికీ భిలాయికీ మధ్య ఈ రెండు మాటలూ ఎన్నడూ కలుసుకోవు.

"పేదవాళ్లకు ఊరికే ఇస్తే సోమరులవుతారు." మధ్యాహ్నం నిద్ర లేచాక ఈ మాట చెప్పడం మంచిది, గొంతు బాగుంటుంది.

10. నీళ్ల మిషను.

ఆర్వో మిషను ఇవ్వండి, ఫిల్టరు మార్పించకండి.

11. టీచర్లను పొగడండి, సాయం చేయకండి.

లెక్కల టీచరు లేడని పిల్లలు ఏడాదంతా ఖాళీగా కూర్చుంటున్నారు. మీరు ప్లాంటులో ముప్పై ఏళ్లు కొలతలతో, కోణాలతో బతికిన మనిషి. వారానికి రెండు గంటలు వెళ్లి కూర్చుంటే ఎనిమిదో తరగతికి భిన్నాలు వస్తాయి. ఈ ఆలోచన తలకెక్కకముందే సెప్టెంబరు 5న శాలువా కొనేయండి.

ఐదుగురు టీచర్లుంటే ఒక్కరికే సన్మానం చేయండి. మిగిలిన నలుగురి ముఖాలు చూస్తే మీ సన్మానానికి ఎంత విలువుందో మీకే తెలుస్తుంది. ఎవరిని ఎంచుకోవాలో తెలియకపోతే మిమ్మల్ని "సర్‌జీ" అని రెండుసార్లు పిలిచినవారిని ఎంచుకోండి. సొంత డబ్బుతో పిల్లలకు పెన్సిళ్లు కొనిపెడుతున్న టీచరు ఎవరైనా ఉంటే "త్యాగమూర్తి" అనండి. అన్నాక పెన్సిళ్ల ఖర్చు మనం పంచుకోనక్కర్లేదు.

పదో తరగతిలో మొదట వచ్చినవారికి 10,000 రూపాయలని వేదిక మీద ప్రకటించండి. 98 శాతం దాటాలని, హాజరు ఒక్కరోజూ తప్పకూడదని, తండ్రికి బైకు ఉండకూడదని షరతులు తర్వాత నెమ్మదిగా చేర్చండి. ప్రకటన జూన్‌లో ప్రవేశోత్సవం నాడు, ఫలితాలు వచ్చే మేలో మీరు బెంగళూరులో అబ్బాయి దగ్గర. అయినా ఎవరో ఒక పిల్ల పట్టుబట్టి అన్నీ సాధించిందనుకోండి, సగం డబ్బు ఇచ్చి మిగతా సగం పెళ్లికి ఇస్తామనండి.

12. పేరు పలక.

తెలంగాణలో "మన ఊరు – మన బడి" కింద 10 లక్షలు ఇస్తే ఒక తరగతి గదికి దాత పేరు పెడతామన్నారు. గదికి అంత ఖర్చు మనకెందుకు? కుండీ పెట్టినా పేరు రాయవచ్చు. బెంచీకి, గోడ గడియారానికి, చెత్తడబ్బాకు కూడా రాయవచ్చు. గేటు పక్క గోడ మాత్రం ముందే మాట్లాడి ఉంచండి. అక్కడ బడి పేరు ఉంటే మీ పలకను దానికన్నా జానెడు పైన పెట్టించండి.

రంగుతో రాయించుకుంటే రెండు వానలకు పోతుంది. ఉక్కు ఊళ్లో ఉండి రంగుకు పోవడం అవమానం కూడా. స్టెయిన్‌లెస్ స్టీలు పలక మీద అక్షరాలు చెక్కించి, నాలుగు మూలలా బోల్టులు బిగించండి. సిమెంటుతో పూడ్చకండి, ఇది ముఖ్యం. 2025లో యుక్తియుక్తకరణ్ పేరుతో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 10,463 బడులను వేరే బడుల్లో కలిపేసింది. వాటిలో ఎక్కువ ఒకే ఆవరణలో ఉన్నవే. పిల్లలు తగ్గిపోయిన బడి ఎప్పుడైనా ఆ దారి పట్టవచ్చు. పై పదకొండూ మీరు శ్రద్ధగా పాటిస్తే త్వరగానే పడుతుంది.

ఆ కబురు తెలిసిన రోజున స్పానర్ పట్టుకుని వెళ్లండి. నాలుగు బోల్టులూ విప్పి, పలక తుడిచి, కొత్త బడి గేటు దగ్గర బిగించండి. సంవత్సరం అంకె ఒక్కటి మార్పించుకుంటే అది మీ రెండో దానం. ఆ బడి మేడమ్‌కు ముందుగా ఫోన్ చేసి, శాలువా, టీ సంగతి గుర్తుచేయండి.